ఎనభై ఆరు సెంటీమీటర్ల పాప

కస్టమ్స్ లెక్కలో పాప అంటే ఎనభై ఆరు సెంటీమీటర్ల లోపు ఎత్తున్న మనిషి. అది దాటితే పాప కాదు, బాలిక. బట్టల పద్దు మారిపోతుంది, సుంకం పెరుగుతుంది. ఇలాంటివి చెప్పడానికే నేను కర్నూల్లో కస్టమ్స్ ఏజెంటుగా ఆఫీసు తెరుచుకుని కూర్చున్నాను. కానీ నన్ను అడిగి చేసేవాళ్లు తక్కువ, చేసొచ్చి అడిగేవాళ్లు ఎక్కువ.

షాహీన్ ఆ రెండో రకం. వన్‌టౌన్‌లో అత్త నన్నీ బీతో కలిసి పిల్లల బట్టల కొట్టు నడుపుతుంది. మొదటిసారి ధైర్యం చేసి థాయ్‌లాండ్ నుంచి చంటిపాపల గౌన్లు తెప్పించింది. రంజాన్ లోపల అమ్మకపోతే పెట్టిన డబ్బూ మిగలదు, కొట్టూ మిగలదు. సరుకేమో చెన్నై రేవులో ఆగిపోయింది. కాగితాల్లో చంటిపాపల బట్టలని ఉంది, గౌన్ల ట్యాగుల మీద మాత్రం మూడేళ్లని ఉంది. మూడేళ్ల పిల్ల ఎనభై ఆరు దాటుతుంది కదా, సుంకం ఎగ్గొట్టాలనే ఇలా రాశారా అని అక్కడి కస్టమ్స్ అధికారిణి నోటీసు పంపింది. షాహీన్ కబురు పెడితే కొట్టుకు పోయాను.

"మూడేండ్లని ఎవురు వేయించినారమ్మా?" అన్నాను.

షాహీన్ అత్త వైపు చూసింది.

"నేనే," అంది నన్నీ బీ, గౌను మడతపెడుతూ. "ఏడాది పిల్లకు ఏడాదిదే ఇస్తే ఈడ ఎవురు కొంటారు శేషన్నా? పెరిగే పిల్ల, పెద్దది ఇయ్యమంటారు. అందుకే కంపెనీవాళ్లకు చెప్పి ఏడాది గౌనుకే మూడేండ్లని వేయించినా. తల్లికి తృప్తి, పిల్లకు సరింగా ఉంటాది."

నాకు ఒళ్లు మండింది. "నీ తెలివి తెల్లారినట్టే ఉండాది! ఈ మాట చెప్తే నమ్మే ఆఫీసరు యాడుంటాడు?"

"అయితే కొట్టు మూసుకోవాల్సిందేనా అన్నా?" అంది షాహీన్. ఆ పిల్ల కళ్లలో నీళ్లు చూసేసరికి నా కోపం దిగిపోయింది. వీడియోలో విచారణ కావాలని అర్జీ పెట్టాను.

విచారణ రోజు కొట్లోనే కూర్చున్నాం. సరుకు కన్నా ముందే మచ్చుకు వచ్చిన గౌన్లు బల్ల మీద పరిచాం. ఫోన్లో కనిపించిన అధికారిణికి తెలుగు బాగానే వచ్చు, నవ్వే రాదేమో అనిపించింది. నన్నీ బీ చెప్పిందంతా విని, "లేని వయసు ఎవరైనా కావాలని రాయించుకుంటారా? కథలు చెప్పకండి," అంది.

సరిగ్గా అప్పుడే ఈరక్క లోపలికి వచ్చింది. ఏటా కూలి పనుల నుంచి తన ఊరు కోసిగికి తిరిగి పోతూ ఈ కొట్లోనే బట్టలు కొంటుంది. చంకలో ఏడాది మనవరాలు.

"దీనికొక మంచి గౌను ఇయ్యి నన్నీ బీ."

ఇప్పుడొద్దని నేను సైగ చేస్తూనే ఉన్నాను. నన్నీ బీ వింటే కదా! మచ్చు గౌను ఒకటి తీసి పిల్లకు తొడిగింది. కొలిచి కుట్టినట్టు సరిపోయింది. ఈరక్క భుజాల దగ్గర లాగి చూసింది, అంచు లాగి చూసింది, మొహం ముడిచింది.

"ఎన్నేండ్లది ఇది?"

"మూడేండ్లది. ట్యాగు చూడు."

"మూడేండ్లదే ఇంత సరింగా ఉంటే ఎట్లమ్మా? వచ్చే ఏడుకు పట్టదు. దుడ్లు దండగ. ఐదేండ్లది ఇయ్యి."

ఫోన్లోకి చూస్తే అధికారిణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"ఆ పాపను టేపుతో కొలవండి," అంది చివరికి.

పిల్లను బల్ల మీద నిలబెట్టి కొలిచాను. ఎనభై ఆరుకు శానా కిందే ఉంది.

"గౌను కొననీకి ఇంత తనిఖీ ఏందప్పా?" అని ఈరక్క నా మీద గయ్యిమంది.

"మా అమ్మా ఇంతే," అంది అధికారిణి. "నా స్కూలు గౌను మడమల దాకా వేలాడేది. మచ్చుల కొలతలన్నీ పంపండి. ట్యాగుల మీద వయసు తీసేసి ఎత్తు వేయించండి. పాపల బట్టలుగానే వదిలేస్తాను."

షాహీన్ అత్తను గట్టిగా వాటేసుకుంది. నాకూ ప్రాణం లేచొచ్చింది. నన్నీ బీ మాత్రం ఆ చేతుల్లోంచి విడిపించుకుని ఈరక్క కోసం పెద్ద గౌను వెతకడానికి పోయింది.

పండగకు ఇంకా టైముండగానే సరుకు దిగింది. మా పాపకు ఒకటి కొందామని కొట్టుకు పోయాను. షాహీన్ అచ్చంగా సరిపోయేది తీసి ఇచ్చింది. ట్యాగు మీద ఎత్తు ముద్దుగా అచ్చయి ఉంది. గౌను ఎత్తి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాను.

"ఇంకొంచెం పెద్దది ఉంటే చూడమ్మా," అన్నాను. "పెరిగే పిల్ల కదా."

నన్నీ బీ నా వైపు చూసింది. నేను గౌను వైపు చూశాను.