ఆర్చి ముందు ఆగిన లారీ

కొత్త వంతెన వస్తే, ఊరంతా అక్కా అని పిలిచే ఆవిడ పూలకుండీల బట్టీ దశ తిరుగుతుందన్నారు అందరూ. బట్టీలో పనిచేసే ఇరవై మంది ఆడవాళ్లూ నమ్మారు. అక్క కూడా నమ్మింది, పాపం.

వంతెన బాగానే కట్టారు. ప్రారంభోత్సవానికని దాని మొదట్లో ‘ప్రగతికి బాట’ అని రాసి ఇనప ఆర్చి నిలబెట్టారు. ప్రారంభించడానికొచ్చే పెద్దమనిషి కారు దూరితే చాలనుకున్నారు కాబోలు, దాని కింద లారీ పట్టదు. ఆయన వచ్చి రిబ్బను కత్తిరించి వెళ్లిపోయాడు, ఆర్చి ఉండిపోయింది. వంతెన వచ్చిందిగా అని లారీలను దాటించే బల్లకట్టును కూడా ఆపేశారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అనలేదు.

పదకొండు వారాలు అక్క ఇంజనీరు ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది.

“పెట్టమని ఆర్డరుందమ్మా, తియ్యమని లేదు,” అనేవాడాయన నిమ్మకు నీరెత్తినట్టు.

ఆ ఉదయం అవతలి ఒడ్డు నర్సరీవాళ్లు ఫోన్ చేశారు. మధ్యాహ్నంలోగా కుండీలు దిగకపోతే ఏడాది ఆర్డరు వేరేవాళ్లకిస్తారట. అది పోతే బట్టీ మూతే. చుట్టుదారిన వెళ్తే రాత్రవుతుంది.

అక్క తమ్ముడు లోడు లారీ తెచ్చి ఆర్చి ముందు ఆపాడు. “ఇప్పుడేం చేద్దామక్కా?”

“దించండి. చేత్తో మోసుకెళ్దాం.”

ఆడవాళ్లు ఒక్కో కుండీ దించి వంతెన మీద పేరుస్తుంటే వెనక కార్లు ఆగిపోయాయి. నాలుగో కారు ఇంజనీరుది.

“లారీ తియ్యమ్మా, మీటింగుంది నాకు.”

“ఖాళీ అయ్యాక తీస్తాం బాబూ. తొందరపెడితే పగుల్తాయి.”

“ఇంత ఇబ్బందుంటే ముందే చెప్పొచ్చుగా?”

అక్కకు ఒళ్లు మండిపోయింది. కుండీల మధ్య మెత్తగా కుక్కిన కాగితాలు లాగి ఆయన చేతిలో పెట్టింది. ఆరు అర్జీల నకళ్లు. అన్నింటి మీదా ఆయన ఆఫీసు ముద్రే.

ఆయన ఫోన్ తీసి ఆర్చి దించమని చెప్పాడు. అరగంటలో ఆర్చి నేలకు దిగింది. పన్నెండు కొట్టేలోపు కుండీలు నర్సరీకి చేరాయి.

తర్వాతి వారం తమ్ముడు ఒక కరపత్రం తెచ్చి చదివాడు. లారీలకు దారి తెరిచి ఈ ప్రాంతపు వ్యాపారానికి ఊపిరి పోసినందుకు ఇంజనీరుగారికి వంతెన దగ్గరే సన్మానమట.

“మళ్లీ ఆర్చి పెడుతున్నారక్కా.”

అక్క చేతి మట్టి కడుక్కుని లేచింది. “ముందు మన లారీ తీసుకెళ్లి అక్కడ నిలబెట్టు. ఎత్తు దాన్ని చూసి కొలుచుకోమను.”