కాడి, గోళ, పన్నెండు జీబీ

"భాభీ, నా సినిమా అయ్యిందా?"

గోడ అవతలి నుంచి తరన్నుమ్ పొద్దుటి నుంచి అడుగుతూనే ఉంది. సాయంత్రం ఆమె పెళ్లి.

"అయితుంది గని, నువ్వు మెహందీ చేతులతోని గోడ పట్టుకోకు," అని రాజశ్రీ వంటింటి కిటికీలోంచి జవాబిచ్చి, ఇంకో ప్రశ్న రాకముందే రెక్క మూసేసింది.

నిజానికి కాలేదు. తరన్నుమ్ తల్లి నసీమ్ ఆపా బీరువాలోంచి తీసి ఇచ్చిన కూతురి ఫోటోలన్నింటినీ రాజశ్రీ ఒక్కొక్కటిగా స్కాన్ చేసింది. మరకలు తుడిచింది, వంకర ఉన్నవాటిని సరిచేసింది, పాట జతచేసి చిన్న సినిమాగా కూర్చింది. పెళ్లి హాల్లో తెర మీద వేయాలి. ఈ పెళ్లికి తరన్నుమ్ నోరు తెరిచి అడిగింది అదొక్కటే. తీరా దాన్ని ఫైలుగా బయటికి తీయబోతే, కంప్యూటర్ సగానికొచ్చి గుడ్లు తేలేస్తోంది.

నాలుగు జీబీ ర్యామ్ ఆ పనికి చాలడం లేదు. అందుకే నిన్న నిజామాబాద్ పోయి ఎనిమిది జీబీది తెచ్చింది. పాతది తీయకుండా, పక్కన ఖాళీగా ఉన్న గాడిలో కొత్తది పెట్టాలని ఆమె ఉద్దేశం. రకం రెండింటిదీ ఒకటే. సైజులే వేరు.

పెళ్లి కోసం గంజ్‌కు, అంటే మార్కెట్ యార్డుకు, సెలవు పెట్టి ఇంట్లో ఉన్న మామ రామకిష్టయ్య కుర్చీ దగ్గరికి లాక్కొని కూర్చున్నాడు. పసుపు కమీషన్ వ్యాపారంలో తల నెరిసిన మనిషి.

"నాలుగు, ఎనిమిది. రెండు తీర్ల సరుకు ఒక్క కుప్పల పోస్తవా బిడ్డా?"

"పోయొచ్చు మామ."

"కాడిల గోళ కలిపి చూడు, తెలుస్తది." పసుపులో పొడుగు కొమ్ములు కాడి, గుండ్రటి దుంపలు గోళ. కాడికి ధర ఎక్కువ. "కాడి ధర పాయె. మొత్తం కుప్పకు గోళ ధరనే కడ్తరు."

రాజశ్రీ నవ్వింది. స్విచ్ ఆపి, వైరు పీకి, కంప్యూటర్ డబ్బా పక్క రేకు విప్పింది. ఒంట్లోని స్టాటిక్ కరెంటు పోవడానికి చేతిని డబ్బా ఇనుముకు తాకించి, కొత్త ర్యామ్‌ను అంచులు పట్టుకొని, దాని నొక్కును గాడిలోని గట్టుకు సరిచూసి దించింది. రెండు వైపులా క్లిప్పులు టక్కుమన్నాయి. వైరు పెట్టి స్విచ్ వేసింది.

తెర నల్లగానే ఉంది. డబ్బా మాత్రం కీచుమని అరిచింది, ఆగింది, మళ్లీ అరిచింది.

"చెప్పిన్నా లేదా!" రామకిష్టయ్య తొడ చరిచాడు. "రెండిటికీ పడ్తలేదు. విను, ఎట్ల కొట్లాడుతున్నయో!"

"జర ఆగున్రి మామ."

కొత్తది తీసి పాతది ఒక్కటే ఉంచింది. తెర వెలిగింది. పాతది తీసి, అదే గాడిలో కొత్తది ఒక్కటే పెట్టింది. మళ్లీ కీచుమంది.

"చూసిన్రా? ఒక్కటే ఉన్నా అరుస్తుంది. కొట్లాటకు ఇంకొకటి ఉండాలె కద."

"అయితే సరుకే ఖరాబు. వాపస్ ఇచ్చెయ్."

వాపస్ ఇవ్వాలంటే మళ్లీ నిజామాబాద్ పోవాలి. ఇవాళ ఆ షాపు మూసి ఉంటుంది; రేపు తెరిచేసరికి నికాహ్ అయిపోతుంది. ఇప్పుడు కిటికీ తెరిచి ఆ పిల్లకు ఏమని చెప్పాలి?

పని చెయ్యని వస్తువునైనా సరిగ్గా చూడకుండా సంచిలో వేసే అలవాటు రాజశ్రీకి లేదు. వెలుతురులోకి తీసుకెళ్లి తిప్పి చూసింది. ఒక అంచు పొడుగునా బంగారు రంగు పళ్లు వరసగా మెరుస్తున్నాయి. వెనక వైపు కొన్ని పళ్లు మెరవడం లేదు. గోటితో గీస్తే పొడి రాలింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆర్మూర్‌లో ఆ వాసన ఎవరికీ చెప్పక్కర్లేదు.

"అత్తమ్మా! దీనికి పసుపు పెట్టిన్రా?"

కమలవ్వ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "పెట్టిన. రాత్రి నువ్వు దీని డబ్బా తెరిచి చూపించి పండుకున్నవు కద, అప్పుడు. కొత్త వస్తువు, ఉత్తగ ఎట్ల వాడుతం బిడ్డా?"

"మరి గీడనే ఎందుకు పెట్టిన్రు?"

"మిగతదంత పచ్చగ, నల్లగ ఉండె. బంగారం తీరు గదొక్కటే మెరుస్తుండె. మంచి జాగ చూసి పెట్టిన."

రాజశ్రీ పడీ పడీ నవ్వింది. కమలవ్వ మొదట బిత్తరపోయి, తర్వాత ఎందుకో తెలియకుండానే తనూ నవ్వింది. రామకిష్టయ్య మాత్రం పెళ్లాం వైపు గుర్రుగా చూశాడు. "నా పసుపు మీద నింద ఏయిస్తివి కద!"

"పసుపును ఎవరేమన్నరు? సరుకు ఖరాబు అన్నది మీరే," అంది కమలవ్వ.

రాజశ్రీ తన కూతురు కృతిక పెన్సిల్ రబ్బరుతో ఆ పళ్లను మెల్లగా రుద్దింది. పొడి గుడ్డతో తుడిచింది. ఒక్క పన్ను కూడా వదలకుండా చూసుకొని, పాతదాని పక్కన మళ్లీ దించింది. స్విచ్ వేసేముందు ఆమె ఊపిరి బిగబట్టింది. రామకిష్టయ్య కూడా బిగబట్టాడు, కానీ ఒప్పుకోడు.

తెర వెలిగింది. మెమరీ పన్నెండు జీబీ అని చూపించింది.

"కలిసినయా?" రామకిష్టయ్య కళ్లద్దాలు సర్దుకొని వంగాడు.

"కలిసినయి. మీరన్నది ఉత్త మాటేం కాదు మామ. రెండిట్ల ఏది నెమ్మదిదైతే, రెండూ దాని స్పీడుతోనే నడుస్తయి. జాగ మాత్రం రెండిటిదీ కలుస్తది."

ఆయన ఒక్క క్షణం లెక్క వేసుకున్నాడు. ముఖం విప్పారింది. "అంటే ధర గోళది, తూకం మొత్తానిది. గట్ల చెప్పు మరి! ఇది మస్తు బేరం."

సినిమా ఈసారి సగం దగ్గర ఆగలేదు. మధ్యాహ్నం అన్నాలు తింటుండగా ఫైలు తయారైంది. రాజశ్రీ ఎంగిలి చేత్తోనే పోయి కిటికీ రెక్క మోచేత్తో నెట్టింది.

"అయ్యింది!"

అవతల ఆడవాళ్లంతా ఒక్కసారిగా కేక పెట్టారు.

సాయంత్రం నికాహ్ అయ్యాక హాల్లో దీపాలు తగ్గించి తెర మీద సినిమా వేశారు. బోసినోటి తరన్నుమ్, బడి సంచితో తరన్నుమ్. ఆ తర్వాత గంజ్‌లో పెద్ద తరాజు పళ్లెంలో కూర్చొని ఏడుస్తున్న తరన్నుమ్, పక్కన నల్లటి మీసాలతో తూకం రాయి పట్టుకున్న రామకిష్టయ్య. మగవాళ్ల వైపు నుంచి ఆయన నవ్వు ఆడవాళ్ల వైపుదాకా వినిపించింది.

పెళ్లికూతురు తల వంచుకొని కూర్చోవాలి. నసీమ్ ఆపా ఉదయం నుంచి ఆ మాటే నూరిపోసింది. తరన్నుమ్ కాసేపు వంచుకునే ఉంది. తరాజు ఫోటో రాగానే భుజాలు కదిలాయి. ముసుగు పైకెత్తి, అందరి ముందు ఫక్కున నవ్వేసింది. నసీమ్ ఆపా కళ్లెర్రజేయబోయి, తెర వైపు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"భాభీ," పూలదండల మధ్య నుంచి తరన్నుమ్ చెయ్యి ఊపింది, "మొదటి నుంచి ఇంకొకసారి వెయ్యమను!"