రెండు పుస్తకాల నడుమ ఆకు

నర్సవ్వ తునికాకు మీద ఇనుప రేకు కొలతగా పెట్టి కత్తిరించింది. చిటికెడు తంబాకు పోసి, చుట్టి, దారం బిగించి బీడీని చాటలో వేసింది. కోరుట్లలో ఈ పెంకుటింటి అరుగు మీద ముప్పై ఏళ్లుగా అదే పని. వేళ్ల కొసలు నల్లబడ్డాయి, గోళ్లు అరిగాయి. ఈ రోజు దారం ముడి పడక జారిపోతోంది.

పక్కింటి అమీర్‌బీ ఎదురుగా కూర్చుని తన చాట నింపుకుంటోంది.

"దారం గట్ల జారిడుస్తున్నవేందే? దమ్మస్తుందా?"

"దమ్ము కాదక్కా, బుగులు. భయమైతాంది."

నిన్న కొడుకు ప్రేమ్‌సాగర్ కొత్త బైబిలు తెచ్చాడు. చనిపోయిన తండ్రి చదివిన పాత తర్జుమాలో తప్పులున్నాయని తాను పోయే కొత్త సంఘం పాస్టరు చెప్పాడట. అది తెలిసి పాత సంఘం పెద్ద మల్లయ్య సాయంత్రం వాకిట్లో నిలబడి అరిచాడు: "కొత్తదాంట్ల దేవుని మాటలే కోసిండ్రు! గది ఇంట్ల ఉంటే శాపమే!"

చదువు రాని నర్సవ్వ ఇద్దరినీ నమ్మింది. పొద్దున లేవగానే రెండు పుస్తకాలనూ గూట్లో నిలబెట్టి, ఒకదానికొకటి తగలకుండా నడుమ ఒక తడి తునికాకు పెట్టింది.

"మాది అరబ్బీల ఉంటది. నాకొక్క ముక్క సమజ్ కాదు," అని అమీర్‌బీ నవ్వింది. "అల్లాకు సమజైతె సాలదా?"

"నీకు తప్పని చెప్పెటోళ్లు లేరు గదక్కా."

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులవి. రోడ్డు మీద డప్పులు మోగుతున్నాయి. మధ్యాహ్నం రాస్తారోకో నుంచి ప్రేమ్‌సాగర్ గొంతు బొంగురుపోయి వచ్చాడు. తల్లి ముఖం నిండా చెమట.

"అమ్మా, ఏమైంది?"

"కూసో. ఒక్కటడుగుత. మీ అయ్య పానం వోయేటప్పుడు చెవిల నేను పాత మాటలే చెప్పిన. ఆయన నేర్పినయే. అవి తప్పైతే, మీ అయ్య ఏడికి వోయిండురా?"

నిన్న పాస్టరు చెప్పినవన్నీ గడగడా అప్పజెప్పిన ప్రేమ్‌సాగర్ చెంబుతో నీళ్లు తెచ్చి ముందు పెట్టాడు.

"చెప్పు కొడుకా. నేను గాడికే వోతనా, వేరే కాడికా?"

ఆమె చెయ్యి గుండె మీద బిగుసుకుంది. అతడు ఆటో కోసం ఉరికాడు. రోడ్డు మీద పొద్దున తాను అడ్డం పెట్టిన బండరాళ్లే ఉన్నాయి; ఒక్క ఆటో కూడా లేదు. తిరిగి వచ్చేసరికి నర్సవ్వ తల అమీర్‌బీ ఒడిలో ఉంది.

"దవఖాన దాక ఆగదు బేటా. చెవిల చెప్పు, జల్ది."

అతడు గూటి దగ్గరికి పోయాడు. చెయ్యి కొత్తదాని మీదికి పోయింది, పాతదాని మీదికి పోయింది. ఏదీ తీయలేదు. తల్లి దగ్గరికి వచ్చి వంగి, నాడు తండ్రి చెవిలో తల్లి చెప్పగా విన్న మాటలే ఆమె చెవిలో చెప్పాడు. ఒకచోట తడబడ్డాడు. నర్సవ్వ పెదవులు కదిలి ఆ మాట అందించాయి. తర్వాత కదలలేదు.

గూట్లో తునికాకు ఎండి, రెండు అట్టలకూ అంటుకుని ఉంది.