వెనక కూర్చున్న బావ

పెద్ద దోనెని లారీ ఎక్కిస్తే వెన్ను విరుగుతుంది. ఒకే మానుని తొలిచి చేసింది కదా, రెండు కొనలూ గాల్లో వేలాడుతుంటే గతుకుల్లో నడుమ చీలిక పడుతుంది. అందుకని మేం చేసిన దోనెల్ని మేమే తెడ్లేసుకుంటూ నది చివరిదాకా తీసుకెళ్లి, కొన్నవాడికి రేవులో అప్పజెప్పి, బస్సులో తిరిగొచ్చేవాళ్లం. ఆ ఏడు కూడా ఒక దోనె తయారైంది. తీసుకెళ్లాల్సింది నేనూ, మా బావా.

బావ అంటే మా అక్క మొగుడు. షెడ్డు ఆయనది. నాకు పని నేర్పింది ఆయనే. అందరూ ఆయన్ని మేస్త్రి అనేవాళ్లు, నన్ను మూగోడు అనేవాళ్లు. మూగవాణ్ణి కాదు. మాట్లాడాల్సినంత విషయం నాకు ఎప్పుడో గానీ తగిలేది కాదు.

అక్క కూడా షెడ్డులోనే పని చేసేది. చెక్కలో పగులున్న చోట నార కూరి, పైన కాచిన తారు పోసి, బొటనవేలితో నొక్కుకుంటూ పోయేది. ఒకసారి కొనడానికొచ్చినవాళ్ల ముందే దోనె కారింది. వాళ్లు వెళ్లేదాకా బావ నవ్వుతూనే ఉన్నాడు. తర్వాత అక్క కుడిచేతిని పనిబల్ల మీద పెట్టించి కొయ్య సుత్తితో కొట్టాడు. నేను మాను చూడటానికి పోయున్నాను. వచ్చేసరికి బల్ల కడిగేసి ఉంది. అక్క చేతికి గుడ్డ చుట్టుకుని గోడకి ఆనుకుని కూర్చుంది. వేళ్లు అతుక్కున్నాయి గానీ వంకరగా అతుక్కున్నాయి.

కట్టు విప్పగానే సరుకుల లాంచీ ఎక్కి వెళ్లిపోయింది. ఎక్కడికో నాకొక్కడికే చెప్పింది. నది సముద్రంలో కలిసే చోట, వలలు అల్లే షెడ్డులో పని చూసుకుంది.

ఆమె వెళ్లాక బావ షెడ్డులో అందరి ముందూ ఒక మాటన్నాడు. కనపడితే ఈసారి చెయ్యి కాదు, పీక అన్నాడు. అందరూ కోపంలో అంటున్నాడనుకున్నారు. నేను ఆ పనిబల్లని రోజూ చూస్తున్నవాణ్ణి. నేనట్లా అనుకోలేదు.

ఇప్పుడు దోనె కొన్నవాడిది ఆ రేవే. బావ వెళ్తున్నాడు. నేను రానంటే ఇంకొకణ్ణి ఎక్కించుకుంటాడు, ఆ ఇంకొకడికి మా అక్క అక్క కాదు. అందుకని నేనెక్కాను.

దోనెలో ఇద్దరం ఉంటే వెనకవాడిదే పెత్తనం. ముందువాడు ముందుకే చూడాలి. రాయి, మొద్దు, వల, ఏదొచ్చినా చెప్పాలి. వెనక్కి తిరిగితే బరువు వాలుతుంది, దోనె ఒరుగుతుంది. అందుకని తిరగడు. వెనకవాణ్ణి వీపుతోనే తెలుసుకోవాలి. వాడు తెడ్డు గట్టిగా వేస్తే తెలుస్తుంది, సోమరిగా వేస్తే తెలుస్తుంది, కోపంగా ఉన్నా తెలుస్తుంది. ఒకడు ఎడమ వేస్తే ఇంకొకడు కుడి వేస్తాడు. చెయ్యి నొప్పెట్టినప్పుడు వెనకవాడు "పక్క" అంటాడు. ఆ మాట వినపడగానే ఇద్దరి తెడ్లూ దోనె మీదుగా దాటి అవతలి పక్కకి పోతాయి, ఒంటి బరువు కూడా అటే పోతుంది. ఏళ్ల తరబడి చేశాక దానికి ఆలోచన అక్కర్లేదు. నిద్రలో పక్కన ఎవరైనా ఆ మాట అంటే నేను ఒత్తిగిలేవాణ్ణి.

నది పైభాగమంతా బావ నోరు ఊరుకోలేదు.

"ఏరా బామ్మర్దీ, తెడ్డేస్తున్నావా, నదికి తల దువ్వుతున్నావా?" అనేవాడు.

నేను పలక్కపోతే అక్క మీదికి పోయేవాడు. మీ ఇంట్లో అందరికీ నోళ్లు కుట్టి కన్నారేంట్రా అనేవాడు. అది ఎక్కడుందో నీకు తెలుసు, నీ మూగతనమంతా అదే అనేవాడు. నేను తెడ్డేసేవాణ్ణి.

"దాన్ని కొట్టినా అరవదురా. కొట్టినవాడికి ఇంక ముచ్చటేముంది చెప్పు," అన్నాడు ఒకసారి, పక్కవాడి గురించి జోకు చెప్పినట్టు. నా చేతిలో తెడ్డు పిడి కిర్రుమంది. ఆయనకి వినపడే ఉంటుంది.

నది వెడల్పయిన చోట ఒకడి వల మా దోనెకి చుట్టుకుంది. నేను వలా అని ముందే చెప్పాను, బావ మళ్లించలేదు. వల చిరిగింది, దోనె ఆగింది, నేను తల తిప్పి చూశాను. ఆ చేపలవాడు చిన్న పడవలో వచ్చి దోనె అంచు పట్టుకుని, కళ్లు నెత్తిన పెట్టుకున్నావా అని అడిగాడు. బావ కూర్చున్నచోటే తెడ్డు ఎత్తి, కుడి భుజం మీదుగా తిప్పి, పలక అంచుతో కొట్టాడు. చేపలవాడి చెవి సగం తెగి చెంప మీద వేలాడింది. వాడు రెండు చేతుల్తో చెవిని పట్టుకుని పడవలో మోకాళ్ల మీద కూలబడ్డాడు. బావ మళ్లీ ఎత్తాడు. రెండో దెబ్బ వాడి మోచేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నీళ్ల మీద దూరం పోయింది.

వాణ్ణి ఒడ్డుకి చేర్చుదాం అన్నాను.

"నీకు పని ఉంటే దిగి ఈదుకుంటూ పో," అన్నాడు బావ. తర్వాత తెడ్డుని నీళ్లలో ముంచి కడిగి, "పక్క," అన్నాడు. నేను మారాను. చేపలవాడు చాలాసేపు వెనకాల తిడుతూనే ఉన్నాడు.

ఆ తర్వాత ఒక రేవులో ఆగాం. అక్కడ లాంచీల డ్రైవర్లు టీ తాగే రేకుల కొట్టు ఉంది. బావ పోయి కూర్చున్నాడు. నేను దోనెని గుంజకి కడుతున్నాను. లాంచీ డ్రైవరొకడు మా ఊరి మేస్త్రి అని గుర్తుపట్టి మంచిగా పలకరించాడు. మీ ఇంటావిడని కింద రేవులో చూశానండీ, చెయ్యి వంకర కదా, వలల షెడ్డులో చేస్తోంది, బాగానే ఉంది అన్నాడు. పాపం వాడికేం తెలుసు. చల్లని మాట చెప్పాననుకున్నాడు.

నేను ముడి వేస్తూ ఆగిపోయాను. బావ నా వైపు చూడలేదు. గ్లాసు ఖాళీ చేసి, ఇంకో రెండు టీలు చెప్పి, ఒకటి స్వయంగా నాకు తెచ్చిచ్చాడు. తాగరా, అలిసిపోయావు అన్నాడు. ఇంటికి అల్లుడైన దగ్గర్నుంచి ఆయన నా చేతికి ఏదీ ఇచ్చి ఎరగడు.  ఇంక ఆయనకి నాతో పని లేదు. అక్క ఎక్కడుందో తెలిసింది. నేను అడ్డం వస్తానని కూడా ఆయనకి తెలుసు.

ఆ రేవులోనే దిగి పోదామా అనుకున్నాను. బస్సులో ముందు చేరి అక్కని తప్పించొచ్చు. కానీ తప్పించి ఎక్కడికి తీసుకెళ్లను? లాంచీలన్నిట్లో ఆయన్ని ఎరిగినవాళ్లే. ఎక్కడున్నా ఏదో ఒక మంచివాడు చెప్తాడు. మళ్లీ దోనెక్కాను. ఎక్కే ముందు పనిముట్ల సంచిలోంచి బాడిస తీసి నా కాళ్ల మధ్య గోనె కింద పెట్టుకున్నాను. దోనె లోపలి చెక్క చెక్కే పనిముట్టు అది, ఒకవైపు పదును, ఒకవైపు మొద్దు.

కింద బండల ఇరుకు ఒకటుంది. అది దాటేదాకా నన్నేమీ చెయ్యడని తెలుసు. అక్కడ ముందువాడు లేకపోతే వెనకవాడూ లేడు. నీళ్లు బండల మధ్య తెల్లగా ఉడుకుతున్నట్టు పోతాయి. దోనె ముక్కుని నేను లాగాలి, తోకని ఆయన తోయాలి. ఆ ఇరుకులో మేమిద్దరం ఒక్క మనిషిలాగా తెడ్లేశాం. "ఎడమ బండ," అంటే తోక అప్పటికే తిరిగేది. "పక్క," అంటే నా చెయ్యి అప్పటికే దాటేది. ఒకచోట దోనె అంచు రాయికి రాసుకుని పొట్టు లేచింది, నీళ్లు తొడల మీద పడ్డాయి. బావ వెనకాల పెద్దగా నవ్వాడు. అంత మంచి పనివాడితో నేను మళ్లీ ఎప్పుడూ తెడ్డెయ్యలేదు. అది నిజం, అందుకని చెప్తున్నాను.

ఇరుకు దాటాక నది పరుచుకుంది. ఒకడు చాలు ఇంక.

అప్పటికి ఎండ మా వెనకనుంచి వస్తోంది. బావ నీడ నా భుజం మీదుగా ముందు నీళ్లలో పడుతోంది. తెడ్డు లేస్తే నాకు కనపడుతుంది. ఆ సంగతి ఆయనకీ తెలుసు. మామూలుగానే తెడ్డేస్తున్నాడు. మాటల్లేవు. ఆయన నోరు మూసుకోవడం ఆ ప్రయాణంలో అదే మొదలు.

తర్వాత నది పెద్ద మలుపు తిరిగింది. ఎండ నా ముఖానికొచ్చింది, నీడ ఆయన వెనక్కి పోయింది.

ముక్కు కొంచెం దిగింది. తోక తేలికైంది. ఎందుకు ముందుకు జరిగావు బావా అని అడిగాను, తల తిప్పకుండా. వెనక చెక్క తడిగా ఉందిరా అన్నాడు. గొంతు దగ్గర్నుంచి వచ్చింది. గోనె కిందికి చెయ్యి పోనిద్దామంటే రెండు చేతులూ తెడ్డు మీదున్నాయి. తెడ్డు వదిలితే నాకు తెలిసిందని ఆయనకి తెలుస్తుంది. ఎడమ పక్క ముంచాను. ఇంకోసారి ముంచాను. మూడోసారి నా తెడ్డు ఒక్కటే ముంచిందని వీపుకి తెలిసింది.

"పక్క," అన్నాడు బావ.

అనాలనుకుని అనలేదు. తెడ్డు దోనె మీదుగా లేస్తే ఆయన నోరు ఆ మాట అంటుంది, అంతే. ఇరవై ఏళ్లు అన్న నోరు. నా ఒళ్లు కూడా అంతే, ఆలోచించలేదు, కుడికి వాలింది. తల మీద పడాల్సిన దెబ్బ ఎడమ భుజం మీద పడింది. మెడ పక్క ఎముక పుల్లలాగా విరిగింది. ఆ చెయ్యి ఇంక నాది కాదు.

బావ అమ్మనాబూతులు తిట్టి లేచి నిలబడ్డాడు. దోనెలో నిలబడకూడదని నాకు నేర్పిందే ఆయన. రెండో దెబ్బకి ఆయన బరువూ, కుడికి వాలిన నా బరువూ ఒకవైపు పడ్డాయి. దోనె బోర్లాపడింది.

నీళ్లలో ముందు నాకు దొరికింది బాడిస. దోనె కింద గోనెతో పాటు నా మోకాలికి తగిలింది, పట్టుకున్నాను. పైకొచ్చేసరికి బావ నా జుట్టు పట్టుకున్నాడు. ముంచాడు. నీళ్లు తాగాను. ఆయన మణికట్టు నోటికి అందితే కొరికాను, పళ్లు ఎముకకి తగిలేదాకా కొరికాను. వదిలాడు. నేను దోనె ఒక అంచుకి చంక వేసి వేలాడాను. ఆయన ఎదురుగా అంచు పట్టుకున్నాడు. మధ్యలో దోనె అడుగు, మేమిద్దరం కలిసి నున్నగా చెక్కిన అడుగు. నెత్తుటి చెయ్యి దాని మీద జారుతోంది.

"చాల్లేరా బామ్మర్దీ," అన్నాడు రొప్పుతూ. "ఒడ్డుకి పోదాం. ఇంట్లో గొడవ ఇంట్లో చూసుకుందాం."

"అక్కనేం చేస్తావు?"

ఆయన అబద్ధం చెప్పొచ్చు. చెప్పుంటే ఏం చేసేవాణ్ణో తెలియదు.

"అది నా పెళ్లాం," అన్నాడు.

బాడిస మొద్దు వైపు తిప్పి ఆయన వేళ్ల మీద కొట్టాను. కింద గట్టి చెక్క, పైన వేళ్లు. పనిబల్ల మీద లాగే ఉంది. ఒక చెయ్యి వదిలి రెండో చెయ్యి వేశాడు, దాని మీదా కొట్టాను. అక్కలా ఊరుకోలేదు, అరిచాడు. ఎన్ని దెబ్బలో లెక్క పెట్టలేదు. చివరికి పట్టుకోవడానికి ఆయనకి వేళ్లు లేవు. మోచేతులతో ఎక్కబోయి జారాడు. నీళ్లు ఆయన్ని పక్కకి తీసుకెళ్లాయి. తల ఒకసారి మునిగి లేచింది, మళ్లీ మునిగింది. లేస్తుందేమోనని చూస్తూనే ఉన్నాను. కిందెక్కడో ఒళ్లు బోర్లా తేలి, చొక్కా ఉబ్బి, మలుపు దాటిపోయింది.

దోనె నన్ను ఒక ఇసుకతిన్నె మీదికి చేర్చింది. అక్కడివాళ్లు దోనెని తిరగేసి, కొట్టుకొచ్చిన తెడ్లు రెండూ అందులో వేసి, నా చెయ్యి మెడకి కట్టి, ఏమైందని అడిగారు. బోల్తా పడ్డాం, ఆయన పోయాడు అన్నాను. అందులో అబద్ధం లేదు. మిగతా దూరం ప్రవాహమే తీసుకెళ్లింది, నేను ఒంటిచేత్తో తెడ్డుని తోకలాగా పట్టుకుని కూర్చున్నాను.

వలల షెడ్డు నీళ్ల పక్కనే. ఆడవాళ్లు కింద కూర్చుని, కాలి బొటనవేలికి దారం తగిలించుకుని అల్లుతున్నారు. అక్క దోనెని ముందు చూసింది. మన తారు, మన చెక్క అని దూరం నుంచే తెలిసుంటుంది. చేతిలో వల కత్తి పట్టుకుని లేచి నిలబడింది. నన్ను చూడలేదు. నా వెనక ఎవరున్నారో చూసింది. ఎవరూ లేరు. ఒడ్డుకి తగిలాక కూడా కత్తి వదల్లేదు.

పోయాడక్కా అన్నాను.

"నువ్వు చూశావా?"

"చూశాను."

"బాగా చూశావా? ఈతొచ్చురా ఆయనకి."

వేళ్ల సంగతి చెప్పాను. ఆమె తన చెయ్యి వంక చూసుకుంది. కత్తి వలల కుప్ప మీద పడేసింది. ఏడవలేదు. నా భుజం దగ్గర కట్టు వదులైతే ఆ వంకర వేళ్లతోనే బిగించింది, నాకు కళ్లలో నీళ్లు తిరిగేంత గట్టిగా.

దోనె కొన్నవాడిది అవతలి ఒడ్డు. అప్పజెప్పాలి. అక్క చీర ఎగదోపుకుని ముందు కూర్చుంది. అన్నేళ్లు దోనెలకి తారు పోసింది గానీ బావ ఎప్పుడూ ఆమెని ఒక్క దోనె కూడా ఎక్కనివ్వలేదు.

"ఇద్దరికీ కలిపి రెండు చేతులు బాగున్నాయిరా. ఒక మనిషి లెక్క, పద," అంది.

నేను వెనక కూర్చున్నాను. సముద్రపు గాలికి ముక్కు పక్కకి పోతోంది. ఆమె తెడ్డు అటు మార్చాలి. "పక్క" అన్న మాట నోటిదాకా వచ్చింది గానీ బయటికి రాలేదు. ఎదురుగా అక్క వీపు, మెడ, ముడి. వెనక్కి తిరగకుండా కూర్చుంది.

తెడ్డు పిడితో దోనె అంచు మీద టక్కున కొట్టాను. అక్క ఉలిక్కిపడింది. గాలికి తిరుగుతున్న ముక్కు వంక చూసింది. తర్వాత తెడ్డు ఎత్తి అవతలి పక్కకి వేసింది.