'సర్వశక్తుడైన' అన్న మాట

ఉలిరాజు అన్నది నలుగురూ పెట్టిన పేరు. సమాధిరాళ్ల మీద అక్షరాలు చెక్కే ఆయనకున్న రాజ్యమల్లా ఓ రేకుల షెడ్డూ, చెవుల్లో పేరుకున్న రాతిపొడీ. తన చెయ్యి నిద్రలోనూ చెక్కుతుందని గొప్పలు పోయేవాడు. ఒకసారి గురకపెట్టి లేచేసరికి ఓ పెద్దమనిషి రాయి పూర్తయిపోయిందట. ఆ పెద్దమనిషి అప్పటికింకా బతికే ఉన్నాడట; రాయి తయారని తెలిసి మొహమాటానికి పోయాడట.

కూతురు పోయాక ఆ కబుర్లు ఆగిపోయాయి. చిన్నపిల్ల. జ్వరం మెదడుకెక్కింది. చర్చి సంఘమంతా మోకాళ్ల మీదే ప్రార్థిస్తూ ఉన్నా దక్కలేదు.

ఆ చర్చిలో ప్రతి సమాధికీ పైవరస ఒకటే: 'సర్వశక్తుడైన దేవుని ఒడిలో'. తన బిడ్డ రాయికి ఆ మొదటి మాట వద్దని ఉలిరాజు తెగేసి చెప్పాడు. చేతనయ్యీ దేవుడు ఊరుకున్నాడన్న మాట బిడ్డ తలాపున తాను చెక్కలేనన్నాడు.

దైవశాస్త్రం చదివొచ్చిన కుర్ర పాస్టరు కాదనలేదు. ఇప్పటి పండితులు చాలామంది దేవుడి శక్తిని రాజుల శక్తిలా చూడటం లేదనీ, మనతోపాటు బాధపడటమే ఆయన గుణాల్లో పెద్దదంటున్నారనీ, బోర్లించిన డబ్బా మీద కూర్చుని నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. 'కన్నీరు కార్చే దేవుని ఒడిలో' అని పెడదామన్నాడు. చెబుతూ చెబుతూ తనే కళ్లు తుడుచుకున్నాడు.

“ఏడ్చేవాళ్లకేం కరువు బాబూ, ఇంటినిండా ఉన్నాం” అన్నాడు ఉలిరాజు. అంటూనే ఒప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే పనికి కూర్చున్నాడు. మిగతా వరసలకి సుద్దతో గీసుకునేవాడుగాని, పైవరసకి గీతలు మానేసి ఏళ్లయింది. అది చేతికి కంఠతా వచ్చిన వరస. పిల్ల జడ వేయించుకుంటూ చెప్పే కబుర్లు తలుచుకుంటూ ఉలి కదిపాడు. పొడి ఊది చూస్తే 'సర్వశక్తుడైన' అని ఉంది. ఎన్నడూ లేనంత లోతుగా, అందంగా.

మంచినీళ్లు తీసుకుని భార్య వచ్చేసరికి, రాయి మొహమంతా అరగదీసెయ్యాలని మిషను చేతికి తీసుకున్నాడు. ఆమె మణికట్టు పట్టుకుంది.

“ఉండనీవయ్యా.”

“అబద్ధమే అది.”

“అబద్ధమైతే నేనెవర్ని అడగాలి? చేతకానివాణ్ణి ఏమని అడుగుతాం, పాపం అనుకుని వచ్చేస్తాం. రేపు ఆయన ముందు నిలబడి, చెయ్యగలిగీ నా పిల్లనెందుకు వదిలేశావని అడగాలి నేను. ఆ మాట తీసెయ్యకు.”

ఉలిరాజు మిషను కింద పెట్టాడు. ఉలి అందుకున్నాడు. 'దేవుని' అయింది. 'ఒడిలో' దగ్గర చెయ్యి సాగలేదు. ఆమె నేలమీద కూర్చుని రాయిని రెండు చేతులా పట్టుకుంది. అంత బరువు రాయికి పట్టు అక్కర్లేదు. అయినా ఆయన వదలమనలేదు.