బ్రస్సెల్స్ ఇచ్చిన ముహూర్తం

నేను అనుమానం మనిషినని మా ఆయన రామమోహనరావుగారు లీసెస్టర్ అంతా చాటుతుంటారు. చాటనివ్వండి. పాలల్లో నీళ్లు కలపని దేశానికొచ్చినంత మాత్రాన మనుషుల్లో కల్తీ పోతుందా? మా మధులికకి నవదీప్ సంబంధం వచ్చినప్పుడే చెప్పాను, "డ్యూటీ పేరు చెప్పి గంటలకొద్దీ ఫోన్ స్విచ్ఛాఫ్ చేసే మగాణ్ణి నమ్మకూడదే," అని.

"విమానాలకి దారి చెప్పే ఉద్యోగం అమ్మా. అక్కడ ఫోన్ పట్టుకుని కూర్చోనిస్తారా?" అంది మధులిక.

ఏమో. నాకు మాత్రం సందేహమే.

యూరప్‌లో ఉండాలా వద్దా అని ఇక్కడ ఓట్లేసిన ఏడాది వేసవిలో పెళ్లి పెట్టుకున్నాం. పొద్దున్నే హాలు నిండిపోయింది. మంటపం రెడీ, బంతిపూలు రెడీ, వంటవాళ్లు బూరెలు వేయిస్తున్నారు. లేనిదల్లా పంతులుగారే. మా రామాంజనేయశర్మగారు గృహప్రవేశం చేయించడానికి ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లారు. తెల్లారి మొదటి విమానంలో బర్మింగ్‌హామ్ దిగి, అక్కణ్ణుంచి కారులో రావాలి. ఆయన దిగాల్సిన టైముకి ఫోన్ వచ్చింది.

"అమ్మా నిర్మలాదేవీ, విమానంలోనే కూర్చున్నాను. కదలట్లేదు. ఎగరడానికి మనకిచ్చిన టైం స్లాట్ పోయిందట. కొత్తది బ్రస్సెల్స్ నుంచి రావాలట."

ముహూర్తం దాటిందా, మళ్లీ అంత మంచిది మూడు నెలల దాకా లేదు. సెలవు పెట్టుకుని వచ్చిన చుట్టాలు, హాలు, పిల్ల ఆశలు, అన్నీ ఏం కావాలి? మనవైపు మంత్రాలు చదివే పంతుళ్లు ఇక్కడ వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. ఆ రోజు అందరికీ పెళ్లిళ్లే.

"అక్కడ వానా?" అన్నాను.

"లేదమ్మా, ఎండ ఫెళ్లున కాస్తోంది."

ఎండ కాస్తుంటే విమానం ఎందుకాగుతుంది? నా చెవిలో పువ్వులు పెడుతున్నారా? ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానానికి బ్రస్సెల్స్‌వాడి పెత్తనమేమిటి? దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టుంది! శర్మగారు ఇంకో పెళ్లి ఒప్పుకున్నారేమో అనుకున్నాను. తర్వాత ఇంకో ఆలోచన పురుగులా తొలిచింది. విమానాలు ఆపేవాడు మా ఇంటి అల్లుడు. ఆగింది మా పంతులు విమానం. అతనికి ఈ పెళ్లి ఇష్టం లేదా?

తిన్నగా పెళ్లికొడుకు గదిలోకి వెళ్లాను. వాళ్లమ్మ యాదమ్మ అతనికి బాసికం కడుతోంది. షెఫీల్డ్‌లో ఇరవయ్యేళ్లు కాపురం చేసినా ఆవిడ మాటలో కరీంనగర్ అలాగే ఉంది.

పంతులుగారి సంగతి చెప్పి, "బాబూ, మీ ఆఫీసుకి ఫోన్ చేసి ఆ విమానం వదిలించు," అన్నాను.

నవదీప్ లేచి నిలబడ్డాడు. "నాతోని కాదత్తమ్మా. యూరప్‌ల ఎక్కడ లేచే ఫ్లైటయినా ఒకటే క్యూ. ఆకాశంల ఏ ముక్కల ఎన్ని పడతయో చూసి బ్రస్సెల్స్‌ల టైం ఇస్తరు. ఆ టైం మిస్సయితే మళ్ల లైన్ల నిలవడాలె. రూల్ అందరికి ఒక్కటే."

"ఎవరికీ మినహాయింపే లేదా?"

"ఉంటది. ప్రాణం మీదికొచ్చిన పేషెంట్‌ను తీస్కపోయేటందుకు."

"అయితే పంతులుగారికి గుండెనొప్పని చెప్పించు!"

"వద్దత్తమ్మా. గట్ల అబద్ధం చెప్తే, నిజంగ నొప్పొచ్చినోనికి రేపు దారి దొర్కది." గొంతు పెంచలేదు, మెత్తబడనూ లేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. "నీ పెళ్లి ఆగిపోతున్నా నీకు చీమ కుట్టినట్టయినా లేదే!" అన్నాను. అతని మొహం పాలిపోయింది. తల దించుకున్నాడు గానీ ఫోన్ మాత్రం ముట్టుకోలేదు.

"గట్ల మొత్తుకోకు వదినా," అంది యాదమ్మ. "పంతులు రాకున్నా ఆయన గొంతు రావొచ్చు గదా? విమానం నిలవడే ఉందంటివి. ఫోన్ల సదవమను."

ఆ ముక్క నాకెందుకు తట్టలేదో! మా ఆయన ఫోన్‌ని మైకుకి తగిలించారు. శర్మగారు ఫోన్ తెరలో కనబడ్డారు, వెనకాల ఎవరో దొరసాని పేపరు చదువుకుంటూ. పిల్లని తెచ్చి కూర్చోబెట్టాం. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మంత్రం, లీసెస్టర్‌లో అక్షింతలు. సరిగ్గా ముహూర్తానికి ఇద్దరూ ఒకరి నెత్తిన ఒకరు జీలకర్ర బెల్లం పెట్టారు. హమ్మయ్య అనుకున్నాను.

నవదీప్ మంగళసూత్రం చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడే ఫోన్‌లో ఏదో అనౌన్స్‌మెంట్.

"అమ్మా," అన్నారు శర్మగారు కంగారుగా, "స్లాట్ ముందుకొచ్చిందట. బయల్దేరుతోంది. ఫోన్లు ఆపమంటున్నారు!"

చూశారా నా ఖర్మ! పొద్దుట్నుంచీ ఏ విమానం కదలాలని మొక్కానో, అది ఇప్పుడు కదలకూడదు. "నవదీప్, ఆపించు నాయనా! నీకు దణ్ణం పెడతాను!" అని హాలంతా వినబడేలా అరిచాను.

అతను నా వైపు చూశాడు. కళ్లనిండా నీళ్లు. అప్పటిదాకా ఆ కళ్లలోకి నేను సరిగా చూడనేలేదు. "ఆపరాదత్తమ్మా," అన్నాడు.

తెర నల్లబడింది.

యాదమ్మ నా మోచెయ్యి పొడిచింది. "వదినా, ఇన్ని పెండ్లిళ్లు చూస్తివి. గా మంత్రం నీకు రాదా?"

రాకేం! తాళి కట్టేటప్పటి మంత్రం మనలో ఎవరికి రాదు? మొదలుపెట్టాను. సగంలో నేను తడబడితే, ముందు వరసలో ఉన్న ఆడవాళ్లందరూ అందుకున్నారు. నవదీప్ మూడు ముళ్లూ వేశాడు. మధులిక నన్ను చూసి ఏడుస్తూ నవ్వింది.

భోజనాల వేళకి శర్మగారు చేరుకున్నారు. మిగిలిన తంతు సాయంత్రం చేద్దామని, నవదీప్ పక్కన విస్తరి వేయించి కూర్చోబెట్టాను.

"ఆ బ్రస్సెల్స్‌వాళ్లు బాగుపడరు పంతులుగారూ," అన్నాను వడ్డిస్తూ.

"వాళ్లనేం అనకండమ్మా. పొద్దున మొదట ఇచ్చిన స్లాట్ చక్కగా టైముకే ఉంది. అప్పుడు వర్జ్యం నడుస్తోంది. గేటు దగ్గర నా పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నారు, నేను కుర్చీలోంచి లేవలేదు. నేను రాననుకుని నా పెట్టె దించడానికి లోపల వెతుకుతున్నారు. ఈలోగా వర్జ్యం అయిపోయింది, వెళ్లి ఎక్కేశాను. అప్పటికి విమానం వరస తప్పింది."

"అయ్యో, ఎందుకండీ అంత పట్టింపు?"

"మీరేకదమ్మా రాత్రి ఫోన్ చేసి ఒట్టేయించుకున్నారు, పిల్ల పెళ్లికొచ్చేటప్పుడు వర్జ్యంలో గుమ్మం దాటొద్దని!"

గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుని అటూ ఇటూ చూశాను. ఎవరూ వినలేదు, నవదీప్ తప్ప. ముద్ద నోటిదాకా తెచ్చి ఆగిపోయాడు. నేనతన్ని పదిమందిలో ఎన్ని మాటలన్నానో నాకు గుర్తొచ్చింది.

వంగి, నెమ్మదిగా అన్నాను. "బాబూ, ఈ సంగతి ఎవరికీ చెప్పకు."

అతను ముద్ద విస్తట్లో పెట్టేశాడు. "నేనైతే చెప్పనత్తమ్మా. కాని మధులిక అడిగితే అబద్ధం చెప్పను."

నాకు ఏడుపొచ్చేసింది. నా పిల్లకి జీవితంలో ఇంతకంటే ఏం కావాలి?

"చెప్పకు నాయనా, అబద్ధం ఎప్పుడూ చెప్పకు," అని, అతని బూరె చిదిమి నిండా నెయ్యి పోశాను. అది అడగకముందే జరిగిందంతా నేనే చెప్పుకుందామని మధులిక కోసం వెళ్లాను.