ఆగని బండి

తడిపిన సుద్దముక్కతో కూతురి కాన్వాసు బూట్లు రుద్దుతోంది ఆమె. రుద్దినచోట ముందు బూడిదరంగు తేలి, ఆరేకొద్దీ తెల్లగా విచ్చుకుంటోంది. రేపు బడిలో ఆటల పోటీలు, కవాతు. బ్యాండులో చిన్న డ్రమ్ము కూతురిది. వసారాలో బోర్లించిన బకెట్టు మీద పుల్లలతో సాధన చేస్తోంది. ఆ దరువు తల్లికి బాగానే వినిపిస్తోంది. బకెట్టు మోత లావుపాటిది. ఈమధ్య ఆమెదాకా రానివి సన్నటి చప్పుళ్ళే.

నెల కిందట ఎవరికీ చెప్పకుండా చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చింది. ఇది ఇవాళ వచ్చింది కాదమ్మా, చిన్నప్పటినుంచీ ఉండి మెల్లగా ముదిరింది అన్నాడాయన. చెవిలో పెట్టుకునే మిషను ఒకటి ఇచ్చాడు. ఆమె లేచి వస్తుంటే, పిల్లలున్నారా అని అడిగాడు. ఒక్కోసారి ఇది పిల్లలకీ దిగుతుంది, ఉంటే ఓసారి తీసుకురండి అన్నాడు. ఆమె తలూపి బయటపడింది. ఇంటికొచ్చి ఆ మిషనుని గుండీల డబ్బాలో, జత లేని గుండీల అడుగున దాచింది. బట్టలు కుట్టుకు బతికే ఇంట్లో ఆ డబ్బా జోలికి ఇంకెవరూ రారు. పిల్లకేం, లేడిపిల్లలా గంతులేస్తోంది అని తనకు తనే సర్దిచెప్పుకుంది.

ఆ సర్దుబాటు నిన్న సాయంత్రందాకా నిలిచింది. నిన్న కూతురు బడినుంచి నవ్వుకుంటూ వచ్చి, "అమ్మా, నేనూ నీలాగే చేశాను. అందరూ ఆగిపోయారు, నేనొక్కదాన్నే వాయించేశాను" అంది. తల్లి చేతిలోని సూది కసుక్కున వేలికి దిగింది.

బూట్లు ఎండలో పెడుతుండగా అన్నయ్య వచ్చాడు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బ్యాండు. ఆయనది పెద్ద డ్రమ్ము. నోట్లో నువ్వుగింజ నానని మనిషి. వెళ్ళొస్తానని గదిలో ఒకసారి, వసారాలో ఒకసారి, వీధిలోకి వెళ్ళాక వెనక్కి తిరిగి మరోసారి చెబితే గాని కదలడు. మేనకోడలు నిన్నటి సంగతి చెప్పగానే ఆయన తొడ చరుచుకున్నాడు.

"ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా?"

ఇక ఆయన్ని ఆపేవాళ్ళు లేరు. ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చిన కథని మళ్ళీ మొదలుపెట్టాడు. ఆనాటి కవాతు అంగడివీధిలోంచి వెళ్ళింది. బూరా ఊదేవాడి బుగ్గలు పగిలిపోతాయేమో అన్నట్టున్నాయి. క్లారినెట్టు నాలుగడుగులకోసారి బాతులా అరిచేది. మంగలిషాపులోంచి సగం గడ్డం గీయించుకున్న మనిషి నురగతోనే బయటికొచ్చి నిలబడ్డాడు. కూడలికి రాగానే మాస్టారు ఆపమని సైగ చేశారు. సైగంటే చేతితో కాదు. డ్రమ్ము అంచు మీద పుల్లతో రెండు దెబ్బలు, టక్ టక్. బ్యాండు మొత్తం ఠక్కున ఆగింది. ఈ మహాతల్లి మాత్రం చూపు ఎదుటికి పెట్టి వాయిస్తూనే ఉంది. వీధంతా నిశ్శబ్దం, నడుమ ఈమె ఒక్కదానిదే దరువు. నురగమూతి మనిషి దానికి చప్పట్లు కూడా కలిపాడు. మాస్టారు పల్లెత్తు మాట అనకుండా చెయ్యెత్తి, పాట కట్టిందే ఇలాగ అన్నట్టు, మళ్ళీ మొదటినుంచి అందుకోమన్నారు. ఆనాటినుంచి ఆమె పేరు ఆగని బండి.

ఆ పేరంటే ఆమెకు ప్రాణం. ఎప్పుడూ ఎవరి వెనకో నక్కి ఉండే పిల్లని ఊరంతా ఒకసారి తేరిపార చూసిన రోజు అది. భుజం మీద డ్రమ్ము పటకా ఒరుసుకున్న మంట, కొత్త తోలు వాసన, అందరి అడుగులూ ఒకేసారి నేలని తాకితే అరికాళ్ళకి తెలిసే అదురు, అన్నీ ఇంకా ఒంట్లోనే ఉన్నాయి. మనసు బాగోనప్పుడల్లా ఆ వీధిలోకే వెళ్ళి నిలబడుతుంది. ఇవాళ అదే వీధిని తలుచుకుంటే ఆమెకు భయమేస్తోంది.

ఇన్నేళ్ళలో ఎన్నడూ అడగని మాట అడిగింది. ఆ రోజు నువ్వెక్కడ నిలబడ్డావు అన్నయ్యా, అని.

వెనకాల, అన్నాడాయన. రోజూ నీ ముందే కదా ఉండేవాణ్ణి, వీధి ఇరుకని ఆవేళ పెద్ద డ్రమ్ముని వెనక్కి పంపారు.

అప్పుడు ఆమెకు తట్టింది. ఆ టక్ టక్ తను ఏనాడూ వినలేదు. అన్నయ్య మోచెయ్యి కిందికి దిగితే ఆపేసేది. అందరూ అలాగే ఆపుతారనుకుంది.

లేచి, రేపటి కవాతుకని మేకుకి తగిలించి ఉంచిన కూతురి డ్రమ్ము తీసుకుంది. కూతురు పుల్లలు ఒళ్ళో పెట్టుకుని వీధివైపు చూస్తూ కూర్చుంది. తల్లి చప్పుడు కాకుండా పిల్ల వెనక్కి చేరి, కత్తెర పిడితో డ్రమ్ము అంచు మీద రెండు దెబ్బలు కొట్టింది. తన వేళ్ళకి తెలిసింది గాని చెవికి అందలేదు. అన్నయ్య తల తిప్పి చూశాడు. కూతురు కదల్లేదు. ఇంకాస్త గట్టిగా కొట్టింది. కూతురు వీధిలో పోతున్న సైకిలునే చూస్తోంది.

"ఎందుకే అంత గట్టిగా? అంచు సొట్టపోతుంది" అన్నాడు అన్నయ్య, నవ్వుతూనే. అంటూండగానే ఆ నవ్వు మొహం మీదే ఆరిపోయింది. చెల్లెల్ని చూశాడు, పిల్లని చూశాడు.

మామయ్య గొంతు వినబడ్డ వైపు కూతురు తిరిగి, ఏంటని అడిగింది.

తల్లి పిల్ల పక్కన చతికిలబడింది. "సార్ ఆపమన్నట్టు నీకెలా తెలుస్తుంది?"

"తాళాలు వాయించే పిల్ల నా ముందుంటుందిగా. దాని మోచెయ్యి దిగితే ఆపేస్తాను. అందరూ అంతే కదా?"

"మరి నిన్న?"

"నిన్న అది రాలేదు. జ్వరం. రేపూ రాదట."

తల్లి లోపలికి వెళ్ళి గుండీల డబ్బా తెచ్చి వసారాలో గుమ్మరించింది. గుండీలు నలుదిక్కులా దొర్లాయి. అడుగునుంచి మిషను ఏరి, ఇద్దరి ఎదుటా చెవిలో పెట్టుకుంది. వంటింట్లో కుళాయి చుక్కలు, చూరులో పిచ్చుకలు, అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. డాక్టరు చెప్పినదంతా చెప్పింది. రేపు కవాతు అవగానే ఇద్దరం ఆయన దగ్గరికి వెళ్దాం అంది. గొంతు వణక్కుండా చెప్పాననుకుంది, కానీ ఆ వణుకు ఇప్పుడు తన చెవికే వినబడింది.

కూతురు ఏడవలేదు. తల్లివైపు చూడను కూడా లేదు. మామయ్యవైపే చూసింది.

"సార్‌కి చెప్పకు మామయ్యా. బ్యాండులోంచి తీసేస్తారు."

నువ్వుగింజ నానని ఆ నోటినుంచి ఏం ఊడిపడుతుందోనని తల్లి బిక్కచచ్చిపోయింది. వేళాకోళమాడినా భరించలేదు, జాలిపడినా భరించలేదు. చెప్పనని ఒట్టు వేసినా నమ్మలేదు.

ఆయన కాలికి అడ్డొచ్చిన గుండీని వంగి తీసి డబ్బాలో వేశాడు. ఆరుతున్న బూట్లు దాటుకుని చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు. గదిలో చెప్పలేదు, వసారాలో చెప్పలేదు. గేటు దాటి, తన ఇంటివైపు కాకుండా, బ్యాండు సార్ ఇల్లున్న బడి దారి పట్టాడు. వెనక్కి తిరగలేదు.

ఆయన వదిలేసిన గేటు గొళ్ళెం ఇనపచువ్వకి కొట్టుకుంది, టక్ టక్ మని. తల్లి ఉలిక్కిపడింది. కూతురు మాత్రం దూరమైపోతున్న మామయ్య మోచేతినే చూస్తోంది.